ఒక రీల్ డిలీట్ చేశా, ఒక రీలు కడిగించా: ఫిల్మ్ ఫోటోగ్రఫీ ఎందుకు, ఎలా మొదలెట్టాలి?

ఫ్రెండ్స్, ముందే ఒక మాట చెప్పేస్తా. కెమెరా గురించి రాస్తూ ఒక్క శాంపిల్ ఫోటో కూడా పెట్టని ఆర్టికల్ ఇది. ఫోటోలు లేక కాదు. 72 తీశా, అందులో 31 బాగానే వచ్చాయి. కానీ పెట్టట్లేదు. ఎందుకో చివర్లో చెప్తా. స్పెక్స్, ఖర్చు, తప్పులు మాత్రం ఏదీ దాచకుండా చెప్తా.

ఈ మధ్య ఇన్‌స్టా ఓపెన్ చేస్తే చాలు, ఫిల్మ్ లుక్ ఫోటోలే. గ్రెయిన్, కొంచెం పసుపు రంగు, మూలలు నల్లబడటం, పక్కన ఎర్రటి లైట్ లీక్. అవి చూసి "బ్రో, ఫిల్మ్ కెమెరా కొందామనుకుంటున్నా, ఏది బెస్ట్?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నా ఒపీనియన్ సూటిగా చెప్తా. ఆ లుక్ కోసమే అయితే కొనొద్దు. మీ ఫోన్లో ఫ్రీ యాప్ ఒకటి వేసుకుంటే ఆ గ్రెయిన్, ఆ లీక్ అన్నీ వచ్చేస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే నేనే కనిపెట్టలేను. ఫిల్మ్ వేయడానికి అంతకంటే మంచి కారణం ఒకటుంది. అది నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, కాస్త సిగ్గుపడ్డాక తెలిసింది.

2024: 22 సెకన్ల రీల్

మా అమ్మమ్మ వాళ్లది కైరుప్పల. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం, ఆదోని దగ్గర. ఆ పేరు మీరు టీవీలో ఏడాదికి ఒక్కరోజు వింటారు. ఉగాది మరుసటి రోజు అక్కడ పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ మధ్య ప్రేమ, దాంట్లో గొడవ, పెళ్లి ఆలస్యం అయిందని అమ్మవారి వైపు వాళ్లకి కోపం, ఆ కోపం పిడకలు విసురుకునేదాకా పోవడం... ఊళ్లో చెప్పుకునే కథ ఇది. ఊరు రెండు వర్గాలవుతుంది. గుట్టలుగా పోసిన పిడకలు అటూ ఇటూ ఎగురుతాయి. దెబ్బలు తగులుతాయి. తగిలినోళ్లు గుడికి పోయి విభూతి పెట్టుకుంటారు. ఆ తర్వాత స్వామికీ అమ్మవారికీ కల్యాణం. అంటే ఇది కొట్లాట కాదు, పెళ్లికి ముందు జరిగే తంతు. బయటోళ్లకి అర్థం కానిది ఈ చివరి వాక్యమే.

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 10న నేను మేడ మీద ఉన్నా. చేతిలో కొత్త ఫోన్, స్లో మోషన్ ఆన్. మా చిన్న మామ నుదుటికి పిడక తగిలి ముక్కలైన షాట్ పర్ఫెక్ట్‌గా దొరికింది. పొడి గాల్లోకి లేవడం, మామ కళ్లు మూసుకోవడం, అన్నీ క్లియర్. 22 సెకన్లకి కట్ చేసి, మీద ఒక ట్రెండింగ్ ఆడియో వేసి, "మా ఊరి వరల్డ్ వార్" అని క్యాప్షన్ పెట్టి అప్‌లోడ్ కొట్టా. తీసినప్పటి నుంచి పోస్ట్ చేసేదాకా 40 నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు రోజుల్లో వ్యూస్ లక్ష దాటాయి. నాకు అంతకుముందు వెయ్యి దాటింది లేదు. ఇక కామెంట్లు చూడాలి. "ఏ కాలంలో ఉన్నార్రా", "పేడతో ఫేషియల్", ఇంకా ఇక్కడ రాయలేనివి చాలా. మామ మొహాన్ని స్క్రీన్‌షాట్ తీసి మీమ్ చేశారు. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మామ కూతురి క్లాస్ గ్రూప్‌లోకి వచ్చింది. ఫోటోలో ఉన్నది వాళ్ల నాన్న అని క్లాసులో తెలిసిపోయింది.

మామ నన్ను తిట్టలేదు. ఫోన్ చేసి ఒక్కటే అన్నాడు. "పిడక తగిలినందుకు నాకేం సిగ్గు లేదు అల్లుడా. ఊర్లో అందరికీ తగుల్తాయి. నా బిడ్డ హాస్టల్లో తలకాయ దించుకున్న్యాది సూడు, దానికి సిగ్గయితాంది." ఆ రాత్రే రీల్ డిలీట్ చేశా. కానీ అప్పటికే వేరే పేజీలు ఎత్తేసుకున్నాయి. డిలీట్ బటన్ నా కాపీ మీదే పనిచేస్తుంది కదా.

తప్పు ఫోన్‌ది కాదు, నాది. ఆ ఫోన్ కెమెరా చాలా బాగుంది, ఇప్పటికీ అదే వాడుతున్నా. కానీ తీయడానికీ ప్రపంచానికి చూపించడానికీ మధ్య ఆలోచించే టైమ్ అది నాకు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

లో-ఫై అనేది స్టైల్‌గా పుట్టలేదు

ఇప్పుడు కొంచెం చరిత్ర. బోర్ కొట్టదు, మన టాపిక్‌కి పనికొస్తుంది.

లో-ఫై కెమెరా అనగానే అందరూ చెప్పే పేరు హోల్గా. 1982లో హాంగ్‌కాంగ్‌లో వచ్చిన ప్లాస్టిక్ కెమెరా. లెన్స్ ప్లాస్టిక్, బాడీ ప్లాస్టిక్, సందుల్లోంచి లైట్ కూడా లోపలికి వచ్చేది. ఆర్టిస్టుల కోసం చేసింది కాదది. చైనాలో మామూలు కుటుంబాలు తక్కువ ధరలో ఇంట్లో వాళ్ల ఫోటోలు తీసుకోవడానికి చేసింది. అంతకుముందు 1960లలో వచ్చిన డయానా కూడా అలాంటి చవక బొమ్మ కెమెరానే. 1991లో వియన్నా స్టూడెంట్లు కొందరు ప్రాగ్ వెళ్లి, అక్కడ ఒక పాత సోవియట్ కెమెరా కొన్నారు. అది లోమో ఎల్‌సీ-ఎ. దానితో వచ్చిన చిత్రమైన రంగులు వాళ్లకి నచ్చి, మరుసటి ఏడు వియన్నాలో లోమోగ్రఫీ సొసైటీ పెట్టారు. ఈ తప్పులన్నీ "స్టైల్" అయింది అక్కడి నుంచే.

మన దగ్గరా అంతే. ఒక తరానికి ఆగ్ఫా క్లిక్ 3. రీలుకి 12 చదరపు ఫోటోలు. తర్వాత తరానికి హాట్‌షాట్, ఆ తర్వాత కోడాక్ కేబీ10. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కంపెనీ "ఇందు" పేరుతో ఫిల్మ్ కూడా తయారుచేసేది. ఇవేవీ ఏస్తెటిక్ కోసం కొన్నవి కావు. పెళ్లికి, పుట్టు వెంట్రుకలకి, తిరుపతి యాత్రకి ఒక రీలు వేసేవాళ్లు. కడిగించాక ఫోటోలు ఇంటింటికీ పంచేవాళ్లు. మా ఊళ్లో ఫిల్మ్ రోల్‌ని "రీలు" అనే అనేవాళ్లు. ఇప్పుడు రీల్ అంటే అర్థం మారిపోయింది.

నా పాయింట్ ఇక్కడుంది. లో-ఫై కెమెరాకి అసలు పని ఫోటో పాడుచేయడం కాదు. ఫోటోలో ఉన్న మనిషి చేతిలో ఒక ప్రింట్ పెట్టడం. మనం ఆ పాడైన లుక్‌ని మాత్రం తీసుకుని, ఆ పనిని వదిలేశాం.

నా సెటప్, దాని లెక్క

2025లో ఉగాది మార్చి 30, ఆదివారం. సోమవారం రంజాన్ సెలవు. బెంగళూరు నుంచి రైలెక్కి ఆదోనిలో దిగా. ఈసారి ఫోన్ బ్యాగ్‌లో, చేతిలో ఆఫీస్ ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చిన కోడాక్ ఎక్టార్ హెచ్35. 2022లో వచ్చిన కొత్త కెమెరానే, పాతది కాదు. స్పెక్స్ చూస్తే నవ్వొస్తుంది:

- లెన్స్: 22 ఎంఎం, ఎఫ్/9.5, ప్లాస్టిక్. మార్చలేం.
- షట్టర్: సెకనులో వందో వంతు. మార్చలేం.
- ఫోకస్: ఫిక్స్‌డ్. మార్చలేం.
- హాఫ్ ఫ్రేమ్. అంటే ఒక ఫ్రేమ్ జాగాలో రెండు ఫోటోలు. 36 రీలులో 72 వస్తాయి. కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఫోటో నిలువుగా వస్తుంది, మన ఫోన్ ఫోటోల్లాగే.
- ఫ్లాష్: ఉంది, ఒక చిన్న సెల్‌తో నడుస్తుంది.

సెట్టింగ్స్ ఏవీ మార్చలేం కాబట్టి మన చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కటే, ఏ ఫిల్మ్ వేయాలి. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఫోటోగ్రఫీలో సన్నీ 16 అనే రూల్ ఉంది. నడి ఎండలో ఎఫ్/16 పెడితే, షట్టర్ స్పీడ్ ఫిల్మ్ ఐఎస్‌ఓ నంబర్‌కి దగ్గరగా ఉండాలి. ఐఎస్‌ఓ 200 ఫిల్మ్ అయితే సెకనులో 200వ వంతు. మన కెమెరా ఎఫ్/9.5, వందో వంతు. అంటే నడి ఎండలో 200 ఫిల్మ్‌కి కావాల్సినదాని కంటే సుమారు రెండున్నర స్టాప్‌ల వెలుగు ఎక్కువ పడుతుంది. 400 ఫిల్మ్ అయితే మూడున్నర స్టాప్‌లు.

డిజిటల్‌లో ఇంత ఓవర్ అయితే ఆకాశం తెల్లగా కాలిపోతుంది. కలర్ నెగెటివ్ ఫిల్మ్ అలా కాదు. ఎక్కువ వెలుగుని బాగానే తట్టుకుంటుంది, తక్కువ వెలుగునే తట్టుకోలేదు. కాబట్టి ఇలాంటి కెమెరాకి రూల్ సింపుల్: అనుమానం ఉంటే ఎక్కువ ఐఎస్‌ఓ వైపు వెళ్లండి. పిడకల సమరం సాయంత్రం పూట, దుమ్ములో జరుగుతుంది. అందుకే 400 వేశా. పగలంతా ఎండలో తిరిగే పనైతే 200 చాలు.

ఇంకో లెక్క. గట్టిగా విసిరిన పిడక సెకనుకి పది మీటర్లు పోతుందనుకుందాం. వందో వంతు సెకనులో అది పది సెంటీమీటర్లు కదులుతుంది. జానెడు పిడకలో దాదాపు సగం. అంటే ఎగిరే పిడక ఈ కెమెరాలో ఎప్పటికీ క్లియర్‌గా రాదు, ఒక గీతలా వస్తుంది. విసిరే చెయ్యి కూడా అంతే. దెబ్బ తగిలిన క్షణం, ఆ మొహం, నా రీల్‌లో లక్ష మంది చూసిన ఆ షాట్ ఈ కెమెరాతో తీయలేను. నాకు ఆ రోజు సరిగ్గా అలాంటి కెమెరానే కావాలి.

ఆ రోజు ఏం జరిగింది

మధ్యాహ్నం నుంచే జనం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్లు, ఆటోలు. సంప్రదాయం ప్రకారం కారుమంచి ఊరి రెడ్డి కుటుంబం వాళ్లు గుర్రం మీద వచ్చి గుడిలో పూజ చేసి వెళ్తారు. ఆ తర్వాతే సమరం. మేడల మీద ఎటు చూసినా ఫోన్లే. పోయినేడు నేనున్న చోట ఎవరో కుర్రాళ్లు గింబల్ పెట్టుకుని నిలబడ్డారు.

నేను కింద ఉన్నా. నా ప్లాస్టిక్ కెమెరా చూసి ముందు పిల్లలు మూగారు. ఒక ఫోటో తీయగానే "అన్నా, యాడ సూపీ" అని వెనక్కి తిప్పి చూశారు. వెనకాల స్క్రీన్ లేదు. "ఇది పనిచేయదంట రా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. పది నిమిషాల తర్వాత నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

ఇది నేను ఊహించలేదు. ఫోన్ ఎత్తితే మనుషులు మారిపోతారు. కొందరు పోజిస్తారు, కొందరు మొహం తిప్పుకుంటారు, తీశాక చూపించమంటారు, నచ్చకపోతే మళ్లీ తీయమంటారు. ఇక్కడ అదేం లేదు. పిడకల గుట్ట దగ్గర కూర్చుని బీడీ తాగుతున్న ఇద్దరు పెద్దాయనలు, గుడి మెట్ల మీద తువ్వాలు బిగించుకుంటున్న కుర్రాళ్లు, గడప దగ్గర నిలబడి కొడుకుని లోపలికి రమ్మని అరుస్తున్న ఒక పెద్దమ్మ. సమరం మొదలయ్యేలోపే 30 ఫ్రేములు అయిపోయాయి. సమరంలో 24. మిగిలిన 18 అయిపోయాక తీశా.

అయిపోయాక గుడి ముందు మా అవ్వ కనిపించింది. మామ నుదుటికి విభూతి రాస్తోంది. చిన్నపిల్లాడికి రాసినట్టు గడ్డం పట్టుకుని మరీ రాస్తోంది. మామ నన్ను చూశాడు, నా చేతిలో కెమెరా చూశాడు. పోయినేటి నుంచి మా మధ్య మాటలు తక్కువే. నేను అడిగా, "తీయొచ్చా మామా?" పోయినేడు అడగలేదు. ఆయన ఏమీ అనలేదు. మొహం మాత్రం తిప్పుకోలేదు. క్లిక్ చేశా. బాగా వచ్చిందో లేదో చూసుకోవడానికి లేదు, ఇంకోటి తీసే ధైర్యమూ లేదు. ఒక్కటే ఫ్రేము.

మొదలెట్టాలంటే ఇలా చేయండి

1. కొనే ముందు ట్రంకు పెట్టె తెరవండి. మీ ఇంట్లోనో, పెద్దమ్మ వాళ్లింట్లోనో కేబీ10 లాంటిది దొరికే చాన్స్ ఎక్కువ. సెల్స్ కారి తుప్పు పట్టిందా చూడండి. ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తీసి, షట్టర్ నొక్కుతూ లెన్స్‌లోంచి వెలుగు మిణుక్కుమంటుందా గమనించండి. మిణుక్కుమంటే కెమెరా బతికే ఉంది.

2. దొరక్కపోతే చవకది కొనండి, లేదా అప్పు తెచ్చుకోండి. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 మంచి హాఫ్ ఫ్రేమ్ కెమెరా, ఒప్పుకుంటా. కానీ మొదటి రీలుకి అది వద్దు. మీకు ఈ ఓపిక ఉందో లేదో తెలుసుకోవడానికి ప్లాస్టిక్ లెన్స్ చాలు. ఆన్‌లైన్‌లో "వింటేజ్, వర్కింగ్" అని అమ్మే పాత కెమెరాలకి షట్టర్ పనిచేసే వీడియో అడగండి. పంపకపోతే వదిలేయండి.

3. రీలు పట్టుకుందో లేదో చూడండి. నా జీవితంలో మొదటి రీలు మొత్తం ఖాళీగా వచ్చింది. ఫిల్మ్ కొస స్పూల్‌కి సరిగ్గా పట్టుకోలేదు. కౌంటర్ తిరుగుతూనే ఉంది, నేను హంపీ అంతా తిరిగి క్లిక్ చేస్తూనే ఉన్నా. లోపల ఫిల్మ్ కదల్లేదు. అందుకే లోడ్ చేశాక ఫిల్మ్ అడ్వాన్స్ చేస్తూ, రెండో వైపున్న రివైండ్ నాబ్ తిరుగుతుందా చూడండి. అది తిరిగితేనే ఫిల్మ్ కదులుతున్నట్టు. ఆటోమేటిక్ కెమెరాల్లో ఇది కనపడకపోవచ్చు కానీ చేత్తో తిప్పే వాటిలో తప్పకుండా చెక్ చేయండి.

4. రివైండ్ చేయకుండా తలుపు తీయొద్దు. చెప్పనక్కర్లేదు అనుకుంటాం. కానీ ఫోన్లతో పెరిగిన మనకి చేతులు ఊరికే ఉండవు.

5. దగ్గరికి వెళ్లండి, కానీ మరీ దగ్గరికి వద్దు. ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాల్లో మనిషికి మీటరున్నర నుంచి మూడు మీటర్లు మంచి దూరం. సెల్ఫీలు మర్చిపోండి. వ్యూఫైండర్ లెన్స్‌కి పక్కన ఉంటుంది కాబట్టి, దగ్గర షాట్లలో మీరు చూసిందీ ఫిల్మ్ మీద పడిందీ కొంచెం తేడా వస్తాయి.

6. ఇంట్లోకి అడుగుపెడితే ఫ్లాష్ ఆన్. మన కళ్లకి వెలుతురుగా ఉన్న హాల్ ఎఫ్/9.5 లెన్స్‌కి చీకటి గది. ఫ్లాష్ కూడా రెండు మూడు మీటర్లకి మించి పనిచేయదు. స్టేజీ మీద డాన్స్‌కి ఇది పనికిరాదు.

7. ఎండ, దుమ్ము. మన సీమ ఎండల్లో ఫిల్మ్‌ని కార్ డాష్‌బోర్డ్ మీదో, బండి డిక్కీలోనో పెట్టకండి. వేడికి రంగులు మారతాయి. కెమెరాకి ఒక జిప్‌లాక్ కవర్ చాలు.

8. ల్యాబ్ ముందే చూసుకోండి. ఆదోనిలో నేను అడిగిన స్టూడియోల్లో ఇప్పుడు ఎవరూ కలర్ ఫిల్మ్ కడగట్లేదు. ఒకాయన మాత్రం "ఆ మిషన్ తీసేసి చానా రోజులైంది" అని గుర్తుచేసుకున్నాడు. కలర్ ఫిల్మ్ కడిగే పద్ధతిని సి-41 అంటారు. డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, టైమ్ 3 నిమిషాల 15 సెకన్లు. ఇంట్లో చేయొచ్చు కానీ మొదటి రీలు మీద ప్రయోగాలొద్దు. నేను బెంగళూరు తిరిగొచ్చి ల్యాబ్‌లో ఇచ్చా. మీ ఊళ్లో లేకపోతే కొరియర్ పంపొచ్చు. ఆర్డర్ ఫామ్‌లో "నెగెటివ్స్ వెనక్కి పంపండి" అని తప్పకుండా రాయండి.

ఖర్చు: దాచేదేం లేదు

కెమెరా అప్పుది కాబట్టి అది తీసేస్తే, నా బిల్లు ఇది. రీలు 950, కడిగి స్కాన్ చేయడానికి 600, కొరియర్‌కి 120 (నెగెటివ్స్ తిరిగి ఇంటికి), ప్రింట్లు 31కి ఒక్కోటి 15 చొప్పున 465. మొత్తం 2,135 రూపాయలు. 72తో భాగిస్తే ఫ్రేముకి దాదాపు 30 రూపాయలు. మామూలు ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే ఇదే రీలుకి 36 ఫోటోలే, అంటే ఒక్కో క్లిక్ ఇంచుమించు డబుల్. రేట్లు మారుతుంటాయి కానీ మీ అంచనాకి ఇది పనికొస్తుంది.

ఎక్కువేనా? ఎక్కువే. స్టూడెంట్స్‌కి నెలకో రీలు అని నేను చెప్పను. ఏడాదికి ఒకటి చాలు. ఒక పండగకి, ఒక పెళ్లికి, ఒక ఊరికి.

రిజల్ట్ కూడా చెప్తా. 72లో 11 పూర్తిగా వేస్ట్, ఎక్కువగా ఇంట్లో ఫ్లాష్ మర్చిపోయి తీసినవి. 6 ఫోటోల్లో నా వేలు ఉంది. 24 పర్వాలేదు. 31 ప్రింట్ వేయదగ్గవి. సమరం ఫోటోల్లో లెక్క వేసినట్టే పిడకలు గీతల్లా వచ్చాయి. దుమ్ములో మనుషులు, మొహాలు పోల్చుకోలేనంత కదిలిపోయి. కానీ ఆ గోల, ఆ ఊపు ఉంది. నా 4కే వీడియోలో లేనిది అది.

"ఫోన్‌తో తీసి ప్రింట్ వేయించొచ్చు కదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. కరెక్ట్ ప్రశ్నే. వేయించొచ్చు, చవక, క్వాలిటీ ఇంకా బాగుంటుంది. మీరు నిజంగా ఆ పని చేసేవాళ్లయితే ఫిల్మ్ కెమెరా మీకు అవసరమే లేదు, ఈ ఆర్టికల్ ఇక్కడితో ఆపేయొచ్చు. నా సంగతి చెప్తా. బీటెక్ మొదటి సంవత్సరం నుంచి నా ఫోన్లలో వేల ఫోటోలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ప్రింట్ వేయించి ఎవరికీ ఇవ్వలేదు. మా అవ్వకి స్మార్ట్‌ఫోన్ లేదు. నేను తీసిన తన ఫోటోలు తన దగ్గర ఒక్కటీ లేవు. ఆమెవి అందరూ చూశారు, ఆమె తప్ప.

ఫిల్మ్ మనల్ని మంచోళ్లని చేయదు. స్కాన్లు వస్తాయి, కావాలంటే వాటిని కూడా ఇన్‌స్టాలో పెట్టొచ్చు. పెట్టాలని నాకూ అనిపించింది. కానీ ఫోటో తీసిన 19 రోజులకి స్కాన్లు చేతికొచ్చాయి. అప్పటికి ఆ పండగ హ్యాష్‌ట్యాగ్ చల్లబడింది, నా లోపల ఆత్రం కూడా చల్లబడింది. ఫోటోల్లో ఉన్నది కంటెంట్‌లా కాదు, మా ఊరోళ్లలా కనిపించారు. ఇంజనీర్ భాషలో చెప్పాలంటే, మనం ప్రతి గ్యాడ్జెట్‌లో లేటెన్సీ తగ్గించాలనే చూస్తాం. కోడ్ రాసినా ప్రొడక్షన్‌లోకి పంపే ముందు ఒక రివ్యూ ఉంటుంది కదా. నా ఫోటోలకి ఆ రివ్యూ లేదు. ఫిల్మ్ వల్ల వచ్చింది.

అందుకే నా సలహా ఒక్కటే. రీలు లోడ్ చేసే ముందు ఒక కాగితం మీద ఐదు పేర్లు రాయండి. ఈ రీలు కడిగించాక ప్రింట్లు ఎవరి చేతికివ్వాలో ఆ ఐదుగురు. పేర్లు గుర్తొస్తే ఫిల్మ్ కొనండి. రాకపోతే ఫోన్ యాప్ చాలు.

ప్రింట్లు

మే నెలలో ఊరెళ్లా. ప్రింట్లు ఆదోనిలోనే స్టూడియోలో వేయించా. బీడీ పెద్దాయనల్లో ఒకరికి వాళ్లింటికెళ్లి ఇచ్చా, ఆయన ఫోటోని అటూ ఇటూ తిప్పి వెనక ఏమన్నా రాసి ఉందా అని చూశాడు. పిల్లలు "అది పనిచేసిందా!" అన్నారు. గడప దగ్గర పెద్దమ్మ మాత్రం "చెప్పి తీయొద్దా అబ్బీ, పాత చీరలో ఉంటి" అని తిట్టింది. ఫోటో మాత్రం ఇచ్చేయలేదు.

మామకి ఆ ఒక్క ఫ్రేము ఇచ్చా. అవ్వ చెయ్యి కొంచెం కదిలింది, గ్రెయిన్ ఎక్కువ, ఒక మూల నల్లబడింది. ఏ రివ్యూలోనూ పాస్ కాదు ఆ ఫోటో. మామ చాలాసేపు చూశాడు. "అవ్వ ఇంత ముసిల్ది అయిపోయినాదా" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఇది ఎవరికీ పంపొద్దు అల్లుడా" అన్నాడు. లేదు మామా అన్నా. ఆ ఫోటో ఇప్పుడు వాళ్లింట్లో అద్దం చెక్క సందులో ఉంది.

మామ కూతురు నాతో ఇంకా ముభావంగానే ఉంది. ఆ మీమ్ ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఒక ప్రింట్ చెరిపేయదు, నాకు తెలుసు.

శాంపిల్స్ ఎందుకు పెట్టలేదో ఇప్పుడు అర్థమైంది కదా. మామకి ఇచ్చిన మాట ఒక్క ఫోటో గురించే. మిగతా 30 గురించి ఎవరూ అడగలేదు. కానీ ఈసారి అడిగేదాకా ఆగాలనుకోలేదు.